ఎర్ర నాచు మీద బొడిపెలు: పరాన్నజీవి అని ఎలా తేల్చుకోవాలి?

చింతపల్లి బీచ్ రాళ్ల మీద తీసిన ఎర్ర నాచుకి పాలిపోయిన బొడిపెలున్నాయి, ఇది పరాన్నజీవి ఎర్ర నాచేనా, ఏ కుటుంబంలో రాయాలి అని అడిగారు. బ్లేడుతో కోసి చూసేదాకా ఏ పేరూ రాయకండి.

విజయనగరంలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు నేనూ అక్కడే, సముద్రం వెనక్కి తగ్గిన వేళ, గ్రాసిలేరియా అనే ఎర్ర నాచు తెచ్చాను. బొడిపెలు చూసి పరాన్నజీవే అని రికార్డులో రాసేశాను. తర్వాత బొడిపెని క్యారెట్ ముక్క మధ్య పెట్టి పల్చగా కోస్తే పైన చిన్న రంధ్రం, లోపల కార్పోస్పోర్ల (ఒక రకం బీజాల) గుంపు కనిపించాయి. అది ఆ ఆడ మొక్క సొంత సిస్టోకార్ప్, అంటే ఈ బీజాలు తయారయ్యే బొడిపె! ఆ పేజీ మళ్లీ రాయాల్సి వచ్చింది.

నిజమైన పరాన్నజీవి అయితే దాని కణాల పోగులు ఆతిథేయి (అది ఆశ్రయించిన నాచు) కణాల మధ్యకి చొచ్చుకుపోయి ఉంటాయి. ఎనిలిన్ బ్లూ అనే రంగు వేస్తే ఇద్దరి కణాలనూ కలిపే పిట్ కనెక్షన్లు (కణానికీ కణానికీ మధ్య లంకెలు) తెలుస్తాయి. కొరియోకొలాక్స్ అనే పరాన్నజీవి ఎర్ర నాచు తన కేంద్రకాలను ఈ దారిలోనే ఆతిథేయి కణంలోకి పంపుతుందని గాఫ్, కోల్‌మన్ అనే పరిశోధకులు 1984లో చూపించారు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. బొడిపె మీద పరాన్నజీవికే చెందిన టెట్రాస్పోర్లో (నాలుగేసి చొప్పున ఏర్పడే బీజాలు), సిస్టోకార్పులో ఉన్నాయేమో కూడా వెతకండి.

ఇక కుటుంబం. మామిడి మీద బదనిక చూసే ఉంటారు, దానికి మామిడితో చుట్టరికం లేదు. ఎర్ర నాచుల్లో అలా కాదు, పరాన్నజీవుల్లో ఎక్కువ భాగం ఆతిథేయికి దాయాదులే. లారెన్సియా అనే ఎర్ర నాచు మీద పెరిగే పరాన్నజీవి జాంక్‌జెవ్‌స్కియా కూడా లారెన్సియా కుటుంబమైన రోడోమెలేసీలోనే ఉంది. ఒకప్పుడు పాలిపోయిన వాటిని చాలావరకు కొరియోకొలాకేసీ అనే ఒకే కుటుంబంలో కుక్కారు. తర్వాత ప్రత్యుత్పత్తి భాగాలు, డీఎన్‌ఏ చూసి కొరియోకొలాక్స్, హార్వెయెల్లాలను రోడోమెలేసీకి, హోమ్‌సెల్లాను గ్రాసిలేరియా కుటుంబమైన గ్రాసిలేరియేసీకి మార్చారు. అంటే రంగు చూసి వర్గీకరిస్తే తప్పుతుంది. పరాన్నజీవనం వల్ల రంగు పోవడం వేర్వేరు శాఖల్లో విడివిడిగా జరిగింది.

మీ నమూనాలో కొంత సముద్రపు నీటితో కలిపిన 4 శాతం ఫార్మలిన్‌లో ఉంచండి. ఒక చిన్న ముక్కని మాత్రం సిలికా జెల్‌లో ఆరబెట్టండి, ఫార్మలిన్‌లో వేశాక డీఎన్‌ఏ తీయడం కష్టం. పల్చగా కోసిన సెక్షన్ ఫొటో, ఆతిథేయి ఫొటో రెండూ పెడితే కలిసి చూద్దాం.