స్టార్ వార్స్ సినిమాల్లో విలన్ డార్త్ వేడర్ సొంత ఫైటర్, అతని పక్షం వాడే చిన్న అంతరిక్ష యుద్ధ విమానాలైన మిగతా టై ఫైటర్ల లాంటిదేనా?

కాదు. పర్లాకిమిడిలో మా మేనల్లుడు అట్టముక్కలతో దాన్ని చేస్తూ రెక్కలు నిటారుగా అతికించాడు. నేనే విప్పించి, పైనా కిందా అంచులు లోపలికి మడిపించాను. ఆ మడతే దాని గుర్తు. పేరు టై అడ్వాన్స్‌డ్ ఎక్స్1.

మామూలు టై ఫైటర్‌కి రక్షణ కవచం ఉండదు, హైపర్‌డ్రైవ్ (కాంతి కంటే వేగంగా తీసుకెళ్ళే ఇంజన్) ఉండదు. గట్టి దెబ్బ తగిలితే పైలట్ పని అయిపోయినట్టే. వేడర్ దానికి రెండూ ఉన్నాయి. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ చివర్లో చూడండి: హీరోల పక్షపు నౌక ఫాల్కన్ దాడి చేసినప్పుడు పక్కనున్న టై ఫైటర్ వచ్చి గుద్దుకుంటే, వేడర్ ఫైటర్ గిరగిరా తిరుగుతూ అంతరిక్షంలోకి కొట్టుకుపోతుంది. అంతలో వేడర్ పక్షపు భారీ యుద్ధ కేంద్రం డెత్ స్టార్ పేలిపోతుంది. వేడర్ మాత్రం ఫైటర్‌ని అదుపులోకి తెచ్చుకుని వెళ్ళిపోతాడు. హైపర్‌డ్రైవ్ ఉంది కాబట్టి మాతృనౌక లేకున్నా దూరం పోగలడు.