టెక్ సందేహాలు: పాత వెస్టర్న్ సీరియల్, కొత్త టీవీ

ప్రశ్న: ‘షాట్‌గన్ స్లేడ్’ అనే పాత అమెరికన్ సీరియల్ ఎపిసోడ్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. 55 అంగుళాల కొత్త టీవీలో పెడితే మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. గుర్రం పరుగెత్తితే దాని అంచుల్లో అడ్డగీతలు. మా నాన్నగారి కోసం తెలుగు సబ్‌టైటిల్స్ చేయించాను, అవేమో డబ్బాల్లా వస్తున్నాయి. టీవీ మార్చాలా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: టీవీ మార్చొద్దు. మీరు చెప్పినవన్నీ సెట్టింగ్స్‌తోనే చాలావరకు పోతాయి. ఇంత మంచి సీరియల్‌ని నాన్నగారితో కలిసి చూస్తున్నందుకు ముందుగా అభినందనలు.

ఇందులో హీరో స్లేడ్ షెరీఫ్ (ఊరి పోలీసు అధికారి) కాదు, డబ్బు తీసుకుని కేసులు పట్టే ప్రైవేట్ డిటెక్టివ్. గుర్రం మీద తిరుగుతూ ఆరా తీస్తాడు. స్కాట్ బ్రాడీ నటించిన ఈ సీరియల్ 1959 నుంచి 1961 వరకు 78 ఎపిసోడ్లు వచ్చింది. కౌబాయ్ కథకి జాజ్ సంగీతం పెట్టారు, వినసొంపుగా ఉంటుంది. అతని తుపాకీలో పై గొట్టం రైఫిల్‌ది, కింది గొట్టం షాట్‌గన్‌ది. అపరాధ పరిశోధన కథ కాబట్టి ఫ్రేమ్‌లో ఏ మూల ఏముందో కనబడటం ముఖ్యం. అందుకే ముందుగా పిక్చర్ సైజ్ సంగతి చూద్దాం.

ఆ రోజుల్లో టీవీ తెర 4:3. మీది 16:9. ‘ఫుల్’ లేదా ‘స్ట్రెచ్’ పెడితే ప్రతి మొహం మూడో వంతు వెడల్పు పెరుగుతుంది. ‘జూమ్’ పెడితే మొహాలు సరిగ్గానే ఉంటాయి కానీ పైనా కిందా కలిపి పావు వంతు బొమ్మ తెగిపోతుంది. బల్ల మీద పడేసిన ఉత్తరం, నడుముకున్న తుపాకీ అలాగే మాయమవుతాయి. పిక్చర్ సైజ్‌లో ‘4:3’ లేదా ‘ఒరిజినల్’ ఎంచుకోండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. దర్శకుడు తీసిన బొమ్మ మొత్తం అప్పుడే కనిపిస్తుంది.

గీతల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. ఈ సీరియల్‌ని సెకనుకి 24 ఫ్రేమ్‌ల చొప్పున ఫిలిమ్ మీద తీశారు. అమెరికా టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో సెకనుకి దాదాపు 60 సగం బొమ్మలు వెళ్లేవి. ఒకదాంట్లో సరి లైన్లు, తర్వాతదాంట్లో బేసి లైన్లు. 24ని ఆ లెక్కకి సరిపెట్టడానికి ఒక ఫ్రేమ్‌ని రెండుసార్లు, తర్వాతదాన్ని మూడుసార్లు పంపేవారు. పాత టేపులోంచి అలాగే ఫైల్‌గా మార్చేస్తే రెండు వేర్వేరు క్షణాలు ఒకే బొమ్మలో కలిసిపోతాయి. గుర్రం కాళ్ల దగ్గర మీకు కనిపించే గీతలు అవే. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి, వీడియో మెనూలో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్‌గా ‘ఫిల్మ్ ఎన్‌టీఎస్‌సీ’ పెట్టి చూడండి. పోయాయంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి చూడొచ్చు. ఫైల్‌నే బాగుచేసుకోవాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘డీటెలిసిన్’ ఫిల్టర్ ఉంది. గీతలు పోయినా నీడల్లాంటి జంట బొమ్మలు మిగిలితే మాత్రం ఆ ఫైల్ తయారీలోనే చెడింది. దాన్ని వదిలేసి మరో కాపీ వెతకడం మేలు.

టీవీలో ఇంకో రెండు మార్పులు చేయండి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి. సోనీలో దాని పేరు మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్. అది అసలు ఫిలిమ్‌లో లేని ఫ్రేమ్‌లని మధ్యలో పుట్టించి పాత ఫిలిమ్‌ని నిన్న తీసిన స్టూడియో వీడియోలా చేసేస్తుంది. నాకు ఇది అస్సలు నచ్చదు. రెండోది, కలర్ టెంపరేచర్ ‘కూల్’లో ఉంటే ‘వార్మ్’కి మార్చండి. నలుపు తెలుపు బొమ్మలోని నీలి ఛాయ తగ్గి బూడిద రంగులు సహజంగా కనిపిస్తాయి. మొదటి పది నిమిషాలు పసుపుగా ఉందనిపిస్తుంది, తర్వాత కన్ను అలవాటు పడుతుంది.

సబ్‌టైటిల్స్‌లో డబ్బాలు రావడానికి కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి. మొదటిది, ఫైల్‌లో అక్షరాలు దాచే పద్ధతి (ఎన్‌కోడింగ్) తెలుగుకి సరిపోకపోవడం. సబ్‌టైటిల్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ‘సేవ్ యాజ్’లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచుకోండి. వీడియోకి, సబ్‌టైటిల్‌కి ఒకే పేరు ఉండాలి. అయినా రాకపోతే రెండో కారణం, టీవీ సొంత ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేదన్నమాట. ఆండ్రాయిడ్ టీవీ అయితే వీఎల్‌సీ యాప్ వేసి ప్రయత్నించండి. మెషీన్ అనువాదం వాడి ఉంటే ఒకసారి మీరే చదివి సరిదిద్దండి. ఎవరు ఎవర్ని అనుమానిస్తున్నారో ‘అతను’, ‘ఆమె’ల్లో తారుమారైతే కేసు మొత్తం గందరగోళమే.

ప్రశ్న: ఇలాంటి పాత సీరియళ్లు డౌన్‌లోడ్ చేసుకుంటే కాపీరైట్ టెన్షన్ ఉంటుందా? ఏఐతో రంగులు వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మన కాపీరైట్ చట్టంలో సినిమాటోగ్రాఫ్ ఫిలిమ్‌కి విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు రక్షణ. 1961లో వచ్చిన ఎపిసోడ్‌కి 2021తో గడువు తీరింది. అమెరికాలో లెక్క వేరు. 1964కి ముందువాటికి 28వ ఏట హక్కు రెన్యూ చేయించాల్సి ఉండేది, చేయించనివి అక్కడ పబ్లిక్ డొమైన్‌లోకి, అంటే ఎవరైనా వాడుకోగల స్థితికి వెళ్లాయి. అందుకే అక్కడున్న మీవాళ్లెవరికైనా పంపేముందు ఆ సీరియల్ సంగతి విడిగా చూసుకోండి. కొత్తగా చేర్చిన సబ్‌టైటిల్స్‌కీ, సంగీతానికీ విడి హక్కులుంటాయి.

రంగులు వేయొచ్చు కానీ వద్దనే చెబుతాను. చొక్కా రంగు ఏమిటో ఏఐకి తెలియదు, ఊహిస్తుంది. ఒకే చొక్కా షాట్ మారగానే గోధుమ నుంచి నీలానికి వెళ్తుంది. ఇలాంటి నలుపు తెలుపు సీరియళ్లలో కెమెరామెన్ వెలుగునీడలతోనే కథ చెబుతాడు. సరదాగా ప్రయత్నిస్తానంటే కాపీ మీద చేయండి, అసలు ఫైల్‌ని ముట్టుకోవద్దు.