సీసాలో పట్టిన నీళ్లు సాక్ష్యమవుతాయా?

ప్రశ్న: మాది నల్లగొండ దగ్గరి ఊరు. మా మూడెకరాలకు ఎగువన మున్సిపాలిటీ డంపింగ్ యార్డు ఉంది. జూలై వానల నుంచి చెత్తలోంచి నల్లటి నీళ్లు కారి కుంటలో కలుస్తున్నాయి. ఇప్పుడు మా బోరు నీళ్లు కూడా వాసన వస్తున్నాయి. అడిగితే ‘ఎండాకాలంలోనే పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) వాళ్లు తనిఖీ చేశారు, అంతా బాగుంది, ఈ జిల్లా నీళ్లే అంత’ అంటున్నారు. యార్డు కాలువ దగ్గర ఒక సీసాలో నీళ్లు పట్టి దాచాను. కోర్టులో పనికొస్తుందా? – ఒక రైతు

జవాబు: సీసాను పారేయకండి, కానీ దాని మీదే ఆధారపడకండి. నీటి కాలుష్య నివారణ చట్టం, 1974లోని 21వ సెక్షన్ శాంపిల్ ఎలా తీయాలో చెబుతుంది. పీసీబీ అధికారి యార్డు నిర్వాహకుడికి అక్కడికక్కడే నోటీసు ఇవ్వాలి. అతని ఎదుటే శాంపిల్‌ను రెండు భాగాలు చేసి సీల్ వేయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. బయటికి వదిలే మురుగు విషయంలో ఈ పద్ధతి పాటించకపోతే ల్యాబ్ రిపోర్టు సాక్ష్యంగా చెల్లదు. కాబట్టి మీరు చేయాల్సిన పని మళ్లీ సీసా నింపడం కాదు, అధికారి చేత సరైన పద్ధతిలో, సరైన కాలంలో శాంపిల్ తీయించడం. రాత్రిపూట గోడ దూకి యార్డులోకి వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. కేసు మీ మీదికే తిరుగుతుంది. ఫొటోలు మీ పొలంలో నిలబడే తీయండి.

మీ బోరు సంగతి వేరు. మీ భూమిలోని నీళ్లను మీరు ఎప్పుడైనా గుర్తింపు పొందిన ల్యాబ్‌లో పరీక్ష చేయించుకోవచ్చు. 1974 చట్టంలో భూగర్భ జలం కూడా ‘ప్రవాహం’ అనే మాట కిందికే వస్తుంది. ‘కుంటలో కలిస్తేనే నేరం, భూమిలోకి ఇంకితే మాకేం సంబంధం’ అనే వాదన నిలబడదు.

‘ఎండాకాలంలో తనిఖీ అయిపోయింది’ అన్నారు చూడండి, ఆ మాట వాళ్లకే ఎదురు తిరుగుతుంది. చెత్త నీరు ఊరేది వానల్లో. మే నెలలో ఎండిన గుట్టను చూసి బాగుందని రాస్తే ఏం తెలుస్తుంది? 2026 మార్చి వరకు అమల్లో ఉన్న ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016 ప్రకారం ల్యాండ్‌ఫిల్ (చెత్తను పూడ్చే స్థలం) సరిహద్దు నుంచి 50 మీటర్ల లోపు భూగర్భ జలాన్ని వేసవిలో, వానాకాలంలో, వానల తర్వాత కూడా పరీక్షించాల్సి ఉండేది. చెరువు, కుంటలకు 200 మీటర్ల దూరం ఉండాల్సింది. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి పొర, దాని మీద 1.5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ షీటు పరవాల్సింది. మీ యార్డు అనుమతి పత్రంలో వీటిలో ఏవి షరతులుగా రాశారో ముందు చూడాలి.

‘జిల్లా నీళ్లే అంత’ అనే మాటకు జవాబు రసాయన పరీక్షలోనే ఉంది. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందన్న మాట నిజమే, దాని వల్ల మన ఊళ్లు పడ్డ బాధా నిజమే. కానీ అది గ్రానైట్ రాళ్ల నుంచి వస్తుంది. దానికి వాసన ఉండదు. చెత్త నీటి గుర్తులు వేరు: సీఓడీ, బీఓడీ (నీటిలోని మురికి ఎంత ఆక్సిజన్‌ను లాగేస్తుందో చెప్పే కొలతలు), అమ్మోనియా, క్లోరైడ్లు. దరఖాస్తులో వీటిని పేరుపేరునా రాయండి. లేకపోతే ఫ్లోరైడ్ ఒక్కటి చూసి ఫైలు మూసేస్తారు. 2016 నిబంధనల్లో, కుంటలు, వాగుల్లోకి వదిలే చెత్త నీటిలో లీటరుకు బీఓడీ 30, సీఓడీ 250 మిల్లీగ్రాములు దాటకూడదని ఉండేది. ఇంకొకటి, ల్యాండ్‌ఫిల్ పెట్టేముందు ఆ చుట్టుపక్కల భూగర్భ జలం ఎలా ఉందో పరీక్షించి రికార్డు ఉంచాలని కూడా వాటిలో ఉండేది. ఆ రికార్డు అడగండి. అది ఉంటే అప్పటికీ ఇప్పటికీ తేడా కాగితం మీదే కనిపిస్తుంది. లేదని జవాబిస్తే నిబంధన పాటించలేదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

ఇవన్నీ సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగవచ్చు: అనుమతి పత్రం, తనిఖీ రిపోర్టు, తేదీ, ల్యాబ్ ఫలితాలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ చట్టం 2(జె) సెక్షన్ ప్రభుత్వ పనులను స్వయంగా చూసే హక్కును, ధ్రువీకరించిన శాంపిల్ తీసుకునే హక్కును కూడా ఇస్తోంది. చాలామంది దీన్ని వాడుకోవడం లేదు. మీరు వాడుకోండి. అదే రోజు పీసీబీ నల్లగొండ ప్రాంతీయ కార్యాలయానికి తనిఖీ కోరుతూ స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపండి, కాపీ కలెక్టరుకు పెట్టండి. మున్సిపాలిటీ వాళ్లు ‘ఫండ్స్ లేవు’ అంటే టెన్షన్ పడొద్దు. డబ్బు లేదన్న సాకుతో మున్సిపాలిటీ ప్రజారోగ్య బాధ్యత తప్పించుకోలేదని 1980లోనే రత్లాం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

వీటితో కదలకపోతే పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, చెన్నైలోని దాని దక్షిణ బెంచికి వెళ్లవచ్చు. ట్రిబ్యునల్‌కు సాక్ష్యాధార చట్టం నియమాలు కట్టుబాటు కావు కాబట్టి మీ ఫొటోలు, బోరు రిపోర్టు, ఆ సీసా సంగతి కూడా అక్కడ చెప్పుకోవచ్చు. నష్టపరిహారం అడగని దరఖాస్తుకు ఫీజు వెయ్యి రూపాయలు. గడువు మాత్రం సమస్య మొదలైన నాటి నుంచి ఆరు నెలలు, బలమైన కారణం చూపితే మరో 60 రోజులు. పంట నష్టానికి పరిహారం కోరడానికైతే ఐదేళ్లు ఉంది. మీకు జూలైలో మొదలైంది కాబట్టి, జనవరి రాకముందే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పడేలా చూసుకోండి.