హాలు ఇద్దరిదీ

ప్రశ్న: మేము విజయనగరంలో ఉంటున్నాం. సంగీతమంటే నాకు ప్రాణం. ఏడాదిగా ఆదివారాలన్నీ వెచ్చించి, లోతైన శబ్దాలు పలికించే 15 అంగుళాల వూఫర్లతో, నాలుగడుగుల ఎత్తున్న రెండు స్పీకర్ పెట్టెలను ప్లైవుడ్‌తో నేనే తయారుచేసుకున్నాను. వాటిని హాలులో పెట్టినప్పటి నుంచి నా భార్య ముభావంగా ఉంటోంది. నచ్చిన రంగు వేయిస్తానన్నా వినడం లేదు. వాటిని అమ్మేయమంటారా?

జవాబు: 1919లో సంగీత కళాశాల వెలసిన ఊళ్లో, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ మోగిన ఊళ్లో, మంచి ధ్వని కోసం ఒకరు ఆదివారాలు ధారపోయడం నాకు వింతగా తోచలేదు. మీ ఇష్టం గౌరవించదగినదే. అయితే పెట్టెలు ఎంత పెద్దవి, ఎక్కడ ఉండాలి, వాటికోసం ఏ సామాను జరగాలి అన్నవన్నీ మీరే తేల్చుకుని, చివరికి రంగు ఒక్కటే ఆమెకు వదిలారు. ఆమె మనసు నొచ్చుకున్నది అక్కడేనని నా అభిప్రాయం. సిరిమానోత్సవానికి చుట్టాలు వస్తే హాలులో ఎవరి చాప ఎక్కడ పరవాలి, ఊడ్చేటప్పుడు చీపురు దూరని సందు ఏది, గరుకుగా ఉన్న ప్లైవుడ్ అంచుకు చీర కొంగు ఎక్కడ తగులుకుంటోంది అన్నవి ఆమె రోజూ చూస్తూ ఉండవచ్చు. మీరు వాటిని అడిగి తెలుసుకోలేదు.

కాబట్టి ముందుగా పెట్టెలు రెండింటినీ హాలులోంచి తీసి, వేరే గదిలో గోడవారగా ఉంచండి. ఆ తరువాత ఖాళీ హాలులో ఇద్దరూ కూర్చుని, ఇక్కడ ఏది ఎంత చోటు తీసుకుంటే తనకు ఇబ్బంది ఉండదో ఆమెను అడగండి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. సర్దుబాటుకు సాంకేతికంగా దారులు ఉన్నాయి. సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువన ఉండే లోతైన శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సరిగా పోల్చుకోలేదు. అందువల్ల ఒక్క వూఫర్ పెట్టెను దివాన్ పక్కన, ఎవరికీ అడ్డురాని మూల ఉంచి, మిగతా స్వరాలకు చెవి ఎత్తులో రెండు చిన్న స్పీకర్లు పెట్టుకోవచ్చు. పెట్టె చిన్నదైతే లోతు కొంత తగ్గుతుంది, నిజమే; కానీ గోడకు, మూలకు దగ్గరగా ఉంచితే అందులో కొంత తిరిగి వస్తుంది. ఇంత శ్రమపడిన మీకు ఆ కాస్త తేడా కష్టంగానే ఉంటుందని తెలుసు. అయినా ఆమె కూడా వచ్చి కూర్చుని వినే హాలు కావాలంటే ఆ తేడాను భరించవలసింది మీరే.

ఇప్పుడే అమ్మేయకండి. కోపంలో చేసిన త్యాగం ఆ తరువాత ప్రతి తగవులోనూ పైకి వస్తుంది, ఆమె అడగని నష్టాన్ని ఆమె మీద మోపినట్లవుతుంది. పెట్టెలు విప్పవలసి వచ్చినా వూఫర్లు జాగ్రత్తగా దాచుకుంటే, ఇద్దరూ ఒప్పుకున్న కొలతలతో కొత్త పెట్టె చేసుకోవచ్చు. ఈసారి ప్లైవుడ్ కోయించకముందే, ఆ కొలతల అట్టపెట్టెను వారం రోజులు హాలులో ఉంచి, ఆమె సరేనన్నాకే పని మొదలుపెట్టండి.