వాసనొస్తే మాత్ర పాడైనట్టా?

ప్రశ్న: మాది బల్లార్షా. నాన్నకు 64 ఏళ్లు. బొగ్గు గనిలో చేసి రిటైరయ్యారు, బీడీ మాత్రం మానలేదు. పొద్దున లేస్తే తెమడ తీగలా సాగుతుంది, ఒక పట్టాన ఊడిరాదు. చంద్రపూర్‌లో డాక్టరు నీళ్లలో వేసుకునే 600 మి.గ్రా. ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు రాశారు. గ్లాసులో వేస్తే కుళ్లిన గుడ్డు వాసన. పాడైపోయాయా? తెమడ అంతలా ఎందుకు సాగుతుంది?

జవాబు: పాడవలేదు. ఆ వాసన గంధకానిది, పని చేసేదీ అదే.

ఆరోగ్యంగా ఉన్నవారి తెమడలో నూటికి 97 పాళ్ల దాకా నీరే. జిగురంతా మిగతా కొంచెంలో ఉండే మ్యూసిన్ ప్రోటీన్లది. శ్వాసనాళాల్లో ముఖ్యమైనవి రెండు. మక్5ఏసీ ఎక్కువగా పైపొరలోని గోబ్లెట్ కణాల్లో, మక్5బీ ఎక్కువగా లోపలి గ్రంథుల్లో తయారవుతాయి. ఒక్కో గొలుసులో 5,000కు పైగా అమినో ఆమ్లాలు. కణంలో ముందు రెండేసి గొలుసుల తోకలకు గంధకపు ముడి పడుతుంది. తర్వాత కణంలోనే గాల్జీ అనే భాగంలో, గొలుసులోని సెరీన్, థ్రియోనీన్ అనే అమినో ఆమ్లాల మీద గుత్తులు గుత్తులుగా చక్కెరలు అతుక్కుంటాయి. చివరికి బరువులో సగానికి పైగా చక్కెరే! తీపి మానేస్తే ఇది తగ్గదు, కణం సొంతంగా కట్టుకునేది. ఆపైన జంటల తలలకూ గంధకపు ముడులే పడి వల తయారవుతుంది. కాల్షియం దాన్ని చిన్న సంచుల్లో అణిచి ఉంచుతుంది. బయటపడ్డాక సబ్జా గింజల్లా నీరు పీల్చి వందల రెట్లు ఉబ్బుతుంది.

బీడీ పొగకు గోబ్లెట్ కణాలు పెరుగుతాయి, తెమడను పైకి తోసే నూగు మొద్దుబారుతుంది, నాళంలో తడి తగ్గుతుంది. మ్యూసిన్ ఎక్కువ, నీరు తక్కువ. ఇక సాగక ఏం చేస్తుంది?

మందులోని గంధకం ఆ ముడులను తెంచగలదు. అయితే మింగిన మందులో పదో వంతైనా రక్తంలోకి చేరదు, అందుకే కొందరికి తేడా కనబడదు. గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి, నురగ ఆగగానే తాగించండి. రాగి, ఇత్తడి వద్దు. రేకు చిరిగి చెమ్మకు మెత్తబడిన మాత్ర మాత్రం పారేయండి. దీన్ని కరిగించి నెబ్యులైజర్‌లో పోయకూడదు. దగ్గును అణిచే సిరప్ జతగా ఇస్తే కరిగిన తెమడ లోపలే నిలిచిపోతుంది. ఆస్తమా, కడుపులో పుండు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఈ మాత్రల్లో సోడియం ఉంటుంది, బీపీ ఉన్నా చెప్పాల్సిందే.

రెండు వారాలు దాటిన దగ్గు కనుక టీబీ పరీక్షకు తెమడ ఇచ్చారో లేదో చూసుకోండి. నెత్తురు చార కనబడితే ఆలస్యం చేయకండి.