బోటు అమ్మకానికి పెడితే నంబరు కప్పాలా? మా బావ బోటు సంగతి చెబుతా

మీరు అడిగింది ఇది: నాన్నగారి ఫైబర్ బోటు, ఇంజనుతో సహా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతున్నారు. ఫోటోల్లో రిజిస్ట్రేషన్ నంబరు కప్పాలా, కప్పితే దొంగ బోటు అనుకుంటారా అని. కప్పండి. దొంగ బోటు అనుకునేవాడు అనుకోనీండి, వాడు ఎలాగూ కొనేవాడు కాదు. కప్పకుండా పెట్టి మేం పడిన తిప్పలు ఇంకా గుర్తున్నాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

2022 మే. వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో ఇంజను బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి కదా, అమ్మేవాళ్లకూ కొనేవాళ్లకూ అదే సీజను. మా బావది మైపాడు వైపు. ఆయనకు ఫోన్ అంటే మాట్లాడటానికే. ఫోటోల పని నెల్లూరులో ఉండే నాకు పడింది. ఆదివారం పొద్దున్నే వెళ్లి ఆరు ఫోటోలు తీశా. ఇప్పుడు వాటిని చూస్తే నాకే సిగ్గేస్తుంది. అణియం (బోటు ముందు భాగం) పక్కన తెల్ల పెయింటుతో రాసిన నంబరు మొత్తం చదువుకోవచ్చు. బోటులో మా మేనల్లుడు నిలబడి నవ్వుతున్నాడు. సెలవుల్లో కూడా వాడికి స్కూలు చొక్కాయే, జేబు మీద స్కూలు పేరుతో సహా. వెనకాల మంచినీళ్ల ట్యాంకు, దాని మీద ఊరి పేరు. ఇంజను సీరియల్ నంబరున్న ప్లేటును ప్రత్యేకంగా దగ్గరికెళ్లి మరీ తీశా, కొత్తగా కనబడుతోందని.

ఒక గ్రూపులో పెట్టా, కింద బావ నంబరే ఇచ్చా. సాయంత్రానికే ఒకతను మెసేజి చేశాడు. "పేపర్లు లేకపోతే మాకొద్దండీ, మోసాలు ఎక్కువయ్యాయి" అన్నాడు. మాటతీరు చూస్తే జాగ్రత్తగల మనిషిలా ఉన్నాడు. రిజిస్ట్రేషన్ కాగితం, బావ ఆధార్ ఫోటో తీసి పంపించా. తర్వాత మనిషి పత్తా లేడు. మేమూ మర్చిపోయాం.

పది రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం చీరాల వైపు నుంచి ఇద్దరు బండి మీద వచ్చారు. బావ పందిరి కింద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. బండి దిగుతూనే, "అడ్వాన్సు కట్టించుకుని ఫోన్ ఎత్తవేంది?" అన్నారు. పదిహేను వేలు కట్టారంట. ఒకతను ఫోన్ తీసి బావ ముఖం ముందు పెట్టాడు. అవే నా ఆరు ఫోటోలు, అదే మేనల్లుడు, అదే రిజిస్ట్రేషన్ కాగితం, బావ ఆధార్. మారింది రెండే: ఫోన్ నంబరు వేరే, ధర అరవై వేలు తక్కువ. ఊరిపేరు ట్యాంకు మీద ఉండనే ఉంది, అడుక్కుంటూ వచ్చేశారు. "ఈ ఆధార్ నీది కాదా?" అంటే బావ పాపం "నాదే, కానీ నేను కాదు" అంటాడు. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తుంది, అప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. వాళ్ల బాధా నిజమే. ఊరి పెద్దలు కూర్చుని, నేను నెల్లూరు నుంచి వచ్చేదాకా ఆపి, డబ్బు ఏ నంబరుకు వెళ్లిందో చూపిస్తే గానీ బావ మీద అనుమానం పోలేదు. అక్కడే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాం. అప్పటికే చాలా రోజులైపోయాయి, ఆ డబ్బు వెనక్కి రాలేదు.

రెండోసారి పెట్టినప్పుడు పద్ధతి మార్చాం. నంబరు మీద ఫోన్‌లో మార్కర్ గీయకండి. కొన్ని మార్కర్ల రంగు పల్చగా పడుతుంది, ఫోటో వెలుతురు పెంచితే కింద అంకెలు మళ్లీ కనబడతాయి. మేం ఫోటో తీయకముందే రెండు పక్కలా పాత వల వేలాడేశాం. ఒడ్డున ఉన్న బోటు మీద వల ఉంటే ఎవరికీ వింత కాదు, ఎడిట్ చేసినట్టూ ఉండదు. మీ దాని నంబరు కూడా ఐఎన్‌డీ, ఏపీ అని మొదలై మధ్యలో ఎంఓ అనే అక్షరాలతో ఉంటుంది, మోటారు బిగించిన బోటని దానర్థం. ఆ అక్షరాలు కావాలంటే ప్రకటనలో రాయండి, చివరి అంకెలు వద్దు. బోటు మీద ఒక అట్టముక్క పెట్టి, దాని మీద తారీఖు స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి ఫోటో తీయండి. ఎవడైనా ఎత్తుకెళ్లినా నెల తిరిగేసరికి పాతదని తెలిసిపోతుంది.

కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫోటో ఎక్కడ తీశారో ఆ ఫైల్లోనే ఉండిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది పోతుంది గానీ, క్లియర్‌గా ఉంటుందని డాక్యుమెంట్ లాగా పంపితే అలాగే వెళ్తుంది. ఊరి పేరు బదులు "నెల్లూరు తీరం" అంటే చాలు. పాత ఫోన్‌లో వేరే సిమ్ వేసి ఆ నంబరు ఇవ్వండి. నాన్నగారి నంబరు ఇచ్చారంటే బోటు పోయాక కూడా ఏళ్ల తరబడి మోగుతుంది.

ఇక నమ్మకం మాట. నిజంగా కొనేవాడు మొదట కాగితం అడగడని మాకు ఆ తర్వాతే తెలిసింది. ఫైబర్‌కు ఎక్కడ ప్యాచ్ వేశారు, అడుగు ఎంత అరిగింది, ఇంజను ఎన్ని హార్స్‌పవర్, ఏ మెకానిక్ చూస్తాడు, వలలు కూడా ఇస్తారా, ఇవీ వాడి ప్రశ్నలు. బోటు గురించి ఒక్క మాట అడక్కుండా ఆధార్ అడిగేవాడికి బోటుతో పనిలేదు. ఆర్మీలో ఉన్నాను, చూడకుండానే కొంటా, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుంది అనేవాడు మోసగాడేనని మీకు తెలిసే ఉంటుంది. డబ్బు మన ఖాతాలో పడటానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు.

మరీ దూరం వాళ్లయితే వీడియో కాల్‌లో వల పక్కకు లాగి నంబరు చూపించండి, ఫోటో మాత్రం పంపొద్దు. కాగితాలు ఒడ్డున, ఇద్దరు తెలిసినవాళ్ల ముందే. ఆధార్ ఇవ్వక తప్పకపోతే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే ఉంటాయి. జిరాక్సు మీద అడ్డంగా "ఫలానా వారికి బోటు అమ్మకం కోసం మాత్రమే" అని తారీఖు వేసి రాయండి. అక్షరాలు ఫోటో మీదుగా పోవాలి. అంచున రాస్తే కత్తిరించేస్తారు.

అమ్మాక మత్స్యశాఖ ఆఫీసులో పేరు మారేదాకా వదలకండి. ఇప్పుడు బోటు రిజిస్ట్రేషన్లు రియల్‌క్రాఫ్ట్ పోర్టల్‌లో నడుస్తున్నాయి, డీజిల్ సబ్సిడీ లాంటివి కూడా ఆ రిజిస్ట్రేషన్ మీదే. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు వచ్చింది కుబేర్ అనే చేపల బోటును హైజాక్ చేసి. అందుకే సముద్రంలో ఆపితే ముందు నంబరు, ఓనరు పేరే అడుగుతారు. కొన్నవాడు ఏదన్నా ఇరుక్కుంటే పోలీసులు తలుపు కొట్టేది మీ ఇంటికే.

మా బోటు ఆ జూన్ మొదటి వారంలో కొత్తపట్నం ఆయన కొన్నాడు. వచ్చీ రాగానే వల తనే పక్కకు లాగి, నంబరు మీద వేలు పెట్టి ఒక్కో అంకె కాగితంతో సరిచూసుకున్నాడు, ఆ తర్వాతే టీ తాగాడు. మొదట పెట్టిన ఫోటోలు మాత్రం మా చేతుల్లో లేవు. మొన్నీమధ్య కూడా ఏదో గ్రూపులో మా మేనల్లుడు అదే స్కూలు చొక్కాతో నవ్వుతూ కనబడ్డాడు, ధర ఇంకో ఇరవై వేలు తగ్గింది.