గోధుమ మానేసే ముందు ఒక రక్త పరీక్ష.. బెల్లం వేసినా లెక్క చక్కెరదే!

ప్రశ్న: నా వయసు 39. మాది హిందూపురం. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చింది. ప్రీ డయాబెటిస్ అన్నారు. హిమోగ్లోబిన్ 9.2 ఉంది, ఆర్నెల్లుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా పెద్దగా పెరగలేదు. చపాతీ తింటే కడుపు ఉబ్బరంగా ఉంటోందని రెండు నెలల క్రితం గోధుమ పూర్తిగా మానేశాను. పంచదార కూడా మానేసి బెల్లం, తేనె, కొబ్బరి చక్కెర వాడుతున్నాం. మావారికి షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. ఆయనకు స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపి) ఇవ్వొచ్చా? వంటకు ఏ తీపి మంచిది? గ్లూటెన్ లేని ధాన్యాల్లో ఏవి, ఎలా వండుకోవాలి?
– ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది తీపి గురించి, ధాన్యాల గురించి. రెండింటికీ వివరంగా చెబుతాను. కానీ మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఇంకో సంగతి ఉంది. ఆర్నెల్లు ఐరన్ మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ 9.2 దగ్గరే ఆగిపోయింది. నాకు మీ షుగర్ కంటే ఇదే ముందు తేల్చాల్సిన విషయంగా కనిపిస్తోంది.

నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందా, గడ్డలు పడుతున్నాయా చూసుకోండి. మీ వయసు ఆడవాళ్లలో రక్తహీనతకు చాలాసార్లు కారణం అదే. మొలల్లోంచి రక్తం పోతున్నా చాలామంది మొహమాటపడి డాక్టరుకు చెప్పరు. మీరు మాత్రం చెప్పండి. ఐరన్ మాత్ర ఎప్పుడు, దేంతో వేసుకుంటున్నారన్నది కూడా ముఖ్యమే. కాఫీ తాగిన వెంటనే వేసుకున్నా, పాలతోనో రాగి జావతోనో మింగినా ఒంటికి పట్టేది తక్కువ. గ్యాస్ మాత్రలు నెలల తరబడి వాడుతున్నా ఇదే ఇబ్బంది. ఇవేవీ లేకపోతే మాత్రం పేగు ఇనుమును పీల్చుకుంటోందా లేదా అని చూడాలి.

సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లు గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలు తింటే వాటిలోని గ్లూటెన్ అనే ప్రొటీన్‌కు స్పందించి వారి రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ఇనుమును ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. ఈ జబ్బు ఎక్కువగా దెబ్బతీసేదీ దాన్నే. అందుకే కొందరిలో విరేచనాలు, బరువు తగ్గడం లాంటివేమీ లేకుండా, మాత్రలకు లొంగని రక్తహీనత ఒక్కటే బయటపడుతుంది. మన దేశంలో చేసిన ఒక పెద్ద సర్వే 2016లో అచ్చయింది. అందులో ఉత్తరాదిన దాదాపు నూటికి ఒకరిలో, దక్షిణాదిన దాదాపు పదివేలకు ఒకరిలో ఈ జబ్బు కనిపించింది. అంటే మీకు ఉండే అవకాశం తక్కువే. టెన్షన్ పడొద్దు. అయినా మీ హిమోగ్లోబిన్ చూశాక పరీక్ష చేయించకుండా వదిలేయడం సరికాదు.

టీటీజీ ఐజీఏ అనే రక్త పరీక్ష, దాంతోపాటు టోటల్ ఐజీఏ చేయిస్తారు. ఇక్కడో చిక్కుంది. గోధుమ తింటున్నప్పుడే ఈ పరీక్ష నమ్మదగినది. మానేసి రెండు నెలలైంది కాబట్టి, జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. గ్యాస్ట్రో డాక్టరును కలిసి మాట్లాడండి. సాధారణంగా కనీసం ఆరు వారాలు, రోజూ ఒకటికి మించిన పూటల్లో గోధుమ తిని అప్పుడు పరీక్షకు వెళ్లమంటారు. తినలేనంత బాధగా ఉంటే హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు పరీక్ష ఉంది. దానికి గోధుమ తినాల్సిన పని లేదు. ఆ రెండు జన్యువులూ లేవని తేలితే సీలియాక్ దాదాపు లేనట్టే. ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, అవి మామూలు ఆరోగ్యవంతుల్లో కూడా ఎంతోమందికి ఉంటాయి.

మీ హెచ్‌బీఏ1సీని కూడా ఈ రక్తహీనతతో కలిపే చూడాలి. ఇనుము లోపం ఉన్నవాళ్లలో ఈ అంకె అసలు కంటే కొంచెం ఎక్కువగా రావచ్చు. అందుకే 6.1 చూసి ఇప్పుడే నిర్ణయానికి రావద్దు. పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు మరోసారి రక్తం ఇవ్వండి. పరగడుపు అంకె 100–125 మధ్య గానీ, రెండు గంటల అంకె 140–199 మధ్య గానీ ఉంటే అది ప్రీ డయాబెటిసే. దాన్ని బట్టి ముందుకెళ్దాం.

ఇక తీపి సంగతి. బెల్లంలో ఎక్కువ భాగం సుక్రోజే, పంచదారలో ఉండేదీ అదే. కొబ్బరి చక్కెర, తాటి బెల్లం, బ్రౌన్ షుగర్ అన్నీ ఆ కుటుంబంలోవే. గ్రాముకు దాదాపు నాలుగు కేలరీలు ఇస్తాయి, రక్తంలో గ్లూకోజ్‌ను పంచదారలాగే పెంచుతాయి. బెల్లంలో ఐరన్ ఉంటుంది కదా అంటారు. ఉదారంగా లెక్కేసినా 10 గ్రాముల బెల్లంలో దొరికేది ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క ప్రకారం మీ వయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. ఐరన్ కోసం బెల్లం తినడం మొదలుపెడితే షుగర్ ముందు పెరుగుతుంది. రుచి కోసం పరవాన్నంలో బెల్లం వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆరోగ్యం కోసమని చెప్పి రెండు చెంచాలు ఎక్కువ వేస్తున్న ఇళ్లను చూస్తుంటే మాత్రం బాధగా ఉంటుంది.

తేనెలో గ్లూకోజ్ కంటే ఫ్రక్టోజ్ ఎక్కువ. కొందరి పేగులకు అది పూర్తిగా పట్టదు. పట్టనిది పెద్దపేగులో పులిసి గ్యాస్ అవుతుంది. మీ ఉబ్బరంలో తేనె వాటా ఎంతో చూడాలి. షుగర్ ఫ్రీ అని అమ్మే బిస్కెట్లు, చాక్లెట్లలో వేసే మాల్టిటాల్, సార్బిటాల్ అనే తీపి పదార్థాలు కూడా ఇదే పని చేస్తాయి. గోధుమలో గ్లూటెన్‌తో పాటు ఫ్రక్టాన్లనే పిండి పదార్థాలు ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఉంటాయి. చపాతీ పడని చాలామందికి అసలు పడనివి ఇవే, గ్లూటెన్ కాదు. ఒక పది రోజులు తేనె, షుగర్ ఫ్రీ సరుకు ఆపి చూడండి. అన్నట్టు, ఏడాది నిండని బిడ్డలకు తేనె నాకించొద్దు. బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం కలిపి తినే చక్కెరలు రోజు మొత్తం కేలరీల్లో పది శాతం లోపు ఉండాలి, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. ఐదు శాతమంటే పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు, ఆరు టీస్పూన్లు. బెల్లం, తేనె ఈ లెక్కలోకే వస్తాయి. రోజుకు మూడు కాఫీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు అయితే కోటా అక్కడే అయిపోయింది. ఇక్కడి దర్శినిల్లో (నిలబడి తినే చిన్న హోటళ్లలో) కాఫీలో చక్కెర ముందే కలిపి ఇస్తారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘సక్కరె బేడ’ (చక్కెర వద్దు) అని చెప్పండి. బెంగళూరు సాంబారులో చాలాచోట్ల బెల్లం పడుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. కాఫీలో వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. ఒక్కసారిగా మానేసి నాలుగు రోజులకు మళ్లీ మొదలుపెట్టడం కంటే ఇది నిలుస్తుంది.

మీవారికి స్టీవియా ఇవ్వొచ్చు. మన దేశంలో అనుమతి ఉన్నదే. రోజుకు కిలో శరీర బరువుకు 4 మిల్లీగ్రాముల స్టీవియాల్ మేరకు సురక్షితమని లెక్క. కాఫీలో వేసుకునే చుక్కలు, ఒకటి రెండు పొట్లాలతో అంత దూరం పోదు. కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి. పొడిని నింపడానికి డెక్స్‌ట్రోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపినవి ఉంటాయి. అవి షుగర్‌ను పెంచేవే. మిగతా తీపి ప్రత్యామ్నాయాల్లో ఆస్పర్టేమ్ వేడికి తీపి పోగొట్టుకుంటుంది, దించాక కలపాలి. ఫీనైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బు ఉన్నవాళ్లు అసలు వాడకూడదు. సుక్రలోజ్‌ను బాగా ఎక్కువ వేడి మీద వేయించే, బేక్ చేసే వంటల్లో వాడొద్దని నా సలహా. ఆ వేడికి విడిపోయి హానికర పదార్థాలు రావచ్చన్న సందేహం ఉంది. ఎరిథ్రిటాల్ వండుకోవడానికి అనువైనదే గానీ, రక్తంలో అది ఎక్కువున్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. కారణం అదేనని రుజువు కాలేదు. అయినా గుండె జబ్బు ఉన్నవాళ్లు రోజూ వాడకపోవడమే మేలంటాను.

అదే ఏడాది మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి ఇలాంటి తీపి ప్రత్యామ్నాయాలను నమ్ముకోవద్దని చెప్పింది. ఆ సూచన ఇప్పటికే షుగర్ ఉన్నవారిని ఉద్దేశించింది కాదు. కాబట్టి మీవారికి కాఫీ వరకు స్టీవియా సరే. మీకూ పిల్లలకూ అయితే తీపి తగ్గించడం ఒక్కటే నేను చెప్పేది. పాయసంలో పంచదార తగ్గించి నాలుగు ఖర్జూరాలు నానబెట్టి రుబ్బి వేయండి. ఖర్జూరంలోనూ మూడింట రెండొంతులు చక్కెరే. కాకపోతే పీచు తోడుంటుంది, ఘాటైన తీపి వల్ల కొంచెంతోనే సరిపోతుంది.

ఇప్పుడు ధాన్యాలు. రాగులు, జొన్నలు, సజ్జలు, కొర్రలు, సామలు, ఊదలు, అరికెలు, వరిగలు, అండుకొర్రలు, మొక్కజొన్న, బియ్యం... వేటిలోనూ గ్లూటెన్ లేదు. మీరున్నది రాగుల సీమలో. మీ ఊరి రాగి సంగటే ఇక్కడ ముద్దె. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, తృణధాన్యాల్లో దానికి సాటి లేదు. అయితే అదే వంద గ్రాముల్లో పిండి పదార్థం 70 గ్రాముల దాకా ఉంటుంది. మెత్తటి పిండితో కాచిన పల్చటి జావ షుగర్‌ను వేగంగా పెంచుతుంది. అందులో బెల్లం కూడా వేస్తే ఇక చెప్పేదేముంది. జావ బదులు చిన్న సంగటి ముద్ద, దాని పక్కన ఆకుకూర పప్పు ఎక్కువగా పెట్టుకోండి.

షుగర్ కోసమైతే పిండి కంటే గింజగా వండుకునే కొర్రలు, సామలు, ఊదలు మంచివి. రాత్రి నానబెట్టి ఉదయం ఆ నీళ్లు పారబోసి వండండి. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఇనుమును పట్టనివ్వని ఫైటేట్లు తగ్గి ఇనుము బాగా పడుతుంది. మీకు కావాల్సింది అదే. పైన నిమ్మరసం పిండుకోండి. భోజనమయ్యాక కనీసం గంట దాకా కాఫీ వద్దు. కొనేటప్పుడు తెల్లగా మెరిసే కొర్రలు వదిలేయండి, అవి తవుడు తీసేసినవి. పొట్టు రంగు మిగిలినవి తీసుకోండి. సజ్జ పిండి త్వరగా చేదెక్కుతుంది, కొద్దికొద్దిగా పట్టించుకోవాలి. థైరాయిడ్ సమస్య ఉన్నవాళ్లు మూడు పూటలా సజ్జలే తినొద్దు.

జొన్న రొట్టె విరిగిపోతోందని చాలామంది అందులో గోధుమపిండి కలుపుతారు. పిండిని సాగదీసేది గ్లూటెన్, జొన్నలో అది లేదు కాబట్టి విరుగుతుంది. ఉప్పు వేసి మరిగించిన నీళ్లు పిండిలో పోసి, గరిటెతో కలిపి, మూత పెట్టి ఐదు నిమిషాలయ్యాక చెయ్యి కాలని వేడి మీద బాగా మర్దించండి. గోధుమ అక్కర్లేకుండానే రొట్టె వస్తుంది. సూపర్ మార్కెట్లో దొరికే గ్లూటెన్ ఫ్రీ ఆటా మీకు నేను చెప్పను. చాలా వాటిలో ఉండేది బియ్యపు పిండి, సగ్గు పిండి, గంజి పొడి. పీచు తక్కువ, ధర ఎక్కువ, షుగర్‌కు మంచిది కాదు.

పరీక్షలో సీలియాక్ అని తేలితే మాత్రం ఇంత వెసులుబాటు ఉండదు. ఎండోస్కోపీలో ముక్క తీసి నిర్ధారించాక జీవితాంతం గ్లూటెన్ పూర్తిగా ఆపాలి. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా అని తెలిసినవి మానేస్తారు. తెలియనివే ఇబ్బంది పెడతాయి. మన ఇంట్లో ఇడ్లీకి వాడేది బియ్యపు రవ్వ. ఇక్కడి హోటళ్ల రవ్వ ఇడ్లీ, ఖారాబాత్, కేసరిబాత్‌లన్నీ గోధుమ రవ్వతో చేసేవే. రవ్వ దోశ, మద్దూరు వడ కూడా అంతే. దుకాణంలో దొరికే ఇంగువలో గోధుమపిండి గానీ మైదా గానీ కలుపుతారు. బియ్యపు పిండితో చేసింది వెతుక్కోవాలి. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది, మాల్ట్ పానీయాల్లో బార్లీ ఉంటుంది. ఓట్స్‌లో సహజంగా గ్లూటెన్ లేకున్నా మిల్లులో గోధుమ కలుస్తుంది. పిండి మరలో మీ కంటే ముందు గోధుమలు పట్టించి ఉంటే మీ జొన్నపిండిలోకీ అది వస్తుంది. ఇంట్లోనే మిక్సీలోనో చిన్న మరలోనో పట్టుకోవడం నయం. ప్యాకెట్ మీద గ్లూటెన్ రహితమని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) నిబంధన.

చివరగా రెండు జాగ్రత్తలు. మీవారు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వాడుతుంటే, అన్నం, తీపి ఒక్కసారిగా తగ్గించినప్పుడు షుగర్ బాగా పడిపోవచ్చు. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే గ్లూకోజ్ గానీ పంచదార నీళ్లు గానీ ఇవ్వండి. అక్కడ స్టీవియా పనికిరాదు. మాత్రల డోసు గురించి ఆయన డాక్టరుతో ముందే మాట్లాడండి. మీకు సీలియాక్ ఉందని తేలితే పిల్లలకు, అమ్మానాన్నలకు, తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష అయ్యేదాకా వాళ్లెవరూ గోధుమ మానకుండా చూడండి.